యాత్రికుడు - విడిది

చారిత్రక ప్రదేశాలను చూడబోయేవారు ముందుగా చూడవలసినవాటి జాబితా రాసుకుంటారు. రైళ్ల వేళలు, బస్సుల వేళలు విచారిస్తారు. రాత్రి ఎక్కడ దిగాలన్న ప్రశ్న చాలామందికి చివరగా గుర్తుకు వస్తుంది. ఎక్కడ చౌకగా గది దొరికితే అక్కడ దిగుదామని సరిపెట్టుకుంటారు. కాని యాత్రలో విడిది చిన్న విషయం కాదు. ఏ ఊరిలో దిగితే ఆ ఊరి ఉదయమూ సాయంకాలమూ యాత్రికునికి దక్కుతాయి. దిగని ఊరిని అతడు నడిమధ్యాహ్నపు ఎండలో, తిరుగు బస్సు వేళను తలచుకుంటూ చూడవలసి వస్తుంది. కనుక విడిదిని ఎంచుకోవడమంటే ఒక ఊరిని ఏ వేళలో, ఎంత తీరికగా చూడదలచుకున్నామో నిర్ణయించుకోవడమే.

ఈ విషయాన్ని గ్రహించడానికి కృష్ణానదికి దక్షిణాన, గుండ్లకమ్మకు ఇరువైపులా వ్యాపించిన నల్లరేగడి మైదానం చక్కని ఉదాహరణ. పత్తికి, మిరపకు పేరు పొందిన పాత గుంటూరు, ప్రకాశం జిల్లాల సీమ ఇది. 2022 ఏప్రిల్ 4న జరిగిన పునర్వ్యవస్థీకరణలో ఇందులో కొంత భాగం పల్నాడు, బాపట్ల జిల్లాలుగా ఏర్పడింది. హంపీలోనో, గోలకొండలోనో చరిత్ర చాలావరకు ఒకేచోట కుదురుకొని కనిపిస్తుంది. ఇక్కడ అలా కాదు. శాతవాహనుల నాటి ధాన్యకటకం కృష్ణ ఒడ్డున అమరావతి వద్ద ఉంది. ఇక్ష్వాకుల విజయపురి పడమటి కొండల నడుమ నాగార్జునసాగర్ నీటిలో మునిగింది. రెడ్డిరాజుల దుర్గం కొండవీటి శిఖరాలమీద ఉంది. కాకతీయుల కాలంలో ఓడలు చేరిన రేవు మోటుపల్లి తూర్పు తీరాన ఉంది. వీటన్నింటినీ ఒక్క గదిలో దిగి చూడాలనుకునేవాడు పగటిలో సగభాగం దారిలోనే గడుపుతాడు.

ప్రయాణికుడు దిగే చోటుకు తెలుగులో అనేక పదాలున్నాయి. ఒక్కొక్క పదం వెనుక ఒక్కొక్క కాలపు జీవితం దాగి ఉంది. 'విడియు' అనే క్రియనుండి 'విడిది' పుట్టింది. ప్రయాణంలో ఆగి దిగడం దాని అర్థం. పెండ్లివారికి ఇచ్చే ఇంటికి నేటికీ అదే పేరు. 'సత్రం' సంస్కృత పదం. మొదట దీర్ఘకాలం సాగే యజ్ఞానికి పేరైన ఈ మాట, క్రమంగా బాటసారులకు అన్నం పెట్టి ఆశ్రయమిచ్చే ధర్మశాలకు పేరయింది. 'ముసాఫిర్ ఖానా' పారశీక భాషనుండి వచ్చింది. వెల తీసుకొని పూటకు ఇంత కూడు పెట్టే ఇల్లు పూటకూటిల్లు. గురజాడ అప్పారావు కన్యాశుల్కంలోని పూటకూళ్లమ్మ పాత్రవల్ల ఈ మాట చిరస్థాయిగా నిలిచింది. ఇంగ్లీషునుండి వచ్చిన 'హోటలు' తెలుగునాట ఎక్కువగా భోజన, ఫలహారశాలకే వాడుకలో స్థిరపడింది. గది అద్దెకిచ్చే చోటు 'లాడ్జి' అయింది. పొరుగు ప్రాంతాలవారు హోటలు బోర్డు చూసి గది కోసం లోపలికి వెళ్లి, ఇడ్లీలు తిని తిరిగిరావడం వింతేమీ కాదు.

ఈ సీమలో ప్రయాణికులకు ఆశ్రయమిచ్చిన చరిత్ర చాలా పాతది. నాగార్జునకొండ తవ్వకాలలో బయటపడిన బౌద్ధ విహారాలలో నడుమ మండపం, దాని చుట్టూ వరుసగా చిన్న చిన్న గదులు కనిపిస్తాయి. అవి భిక్షువుల నివాసాలు. సింహళం నుండి వచ్చిన భిక్షువుల కోసం ఇక్కడ ప్రత్యేకంగా ఒక విహారం ఉండేది. బోధిసిరి అనే ఉపాసిక ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని కాలంలో చేసిన దానాలను ఒక శాసనం పేర్కొంటున్నది. అంటే సుమారు 1700 సంవత్సరాల క్రితమే, సముద్రం దాటి వచ్చిన అతిథికి ఎక్కడ చోటు చూపాలన్న ఆలోచన ఒక గృహిణికి కలిగింది. ఏడవ శతాబ్దంలో చైనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ ధాన్యకటకానికి వచ్చాడు. చూసి వెళ్లిపోక, కొన్ని నెలలు ఇక్కడే ఉండి స్థానిక భిక్షువుల వద్ద బౌద్ధ శాస్త్రం చదువుకున్నాడు. అప్పటికే అనేక విహారాలు నిర్మానుష్యంగా ఉన్నాయని ఆయన రాశాడు. ఒక క్షేత్రపు వైభవాన్నే కాక దాని క్షీణదశను కూడా గుర్తించగలగడం అంతకాలం నిలిచి చూసేవారికే సాధ్యం.

సముద్ర వర్తకులకు కావలసింది అన్నపానాలు మాత్రమే కాదు, అభయం. తుపానుకు ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడలలోని సరకును రాజులు స్వాధీనం చేసుకొనే ఆచారం ఆ కాలంలో ఉండేది. కాకతీయ గణపతిదేవ చక్రవర్తి క్రీ.శ. 1244-45 ప్రాంతంలో మోటుపల్లిలో వేయించిన అభయశాసనం ఆ దురాచారాన్ని నిలిపివేసింది. నిర్ణీతమైన సుంకం తప్ప మరేమీ తీసుకోబోమని వర్తకులకు మాట ఇచ్చింది. తరువాత రెడ్డిరాజు అనవోతారెడ్డి 1358లో వేయించిన శాసనం మరొక అడుగు ముందుకు వేసింది. మోటుపల్లికి వచ్చి స్థిరపడదలచిన వర్తకులను ఆదరిస్తామనీ, వెళ్లిపోదలచినప్పుడు అడ్డగించబోమనీ హామీ ఇచ్చింది. వచ్చినప్పుడు ఆదరణ, ఉన్నన్నాళ్లు రక్షణ, వెళ్లేటప్పుడు స్వేచ్ఛ - మంచి విడిదికి ఉండవలసిన లక్షణాలను నేటికైనా ఇంతకంటె సంగ్రహంగా చెప్పడం కష్టం.

తెలుగు సాహిత్యంలోనూ విడిది ప్రసక్తి విశేషంగా ఉంది. వినుకొండ వల్లభరాయని పేర ప్రసిద్ధమైన క్రీడాభిరామం ఒక చారిత్రక నగరాన్ని చుట్టి చూసిన కథ. మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే మిత్రులిద్దరు ఓరుగల్లు వీధులన్నీ తిరుగుతారు. ఆ తిరుగుటలో పూటకూటింటి భోజనమూ ఉంది. ఒక రూకకు ఏయే వంటకాలు వడ్డించేవారో కవి వివరించాడు. శిథిలాలనుండి తెలియని నగర జీవితం ఆ భోజన వర్ణనవల్ల తెలుస్తుంది. అల్లసాని పెద్దన మనుచరిత్రలోని ప్రవరుడు ఇల్లు కదలనివాడే అయినా, తన ఇంటికి వచ్చిన యాత్రికులను ఆదరించి, వారు చూసిన దేశాల విశేషాలు అడిగి తెలుసుకుంటాడు. అతిథికి అన్నం దొరికితే ఆతిథేయికి జ్ఞానం దొరికింది. మరొకవైపు కొండవీటి ఆస్థానంలో విద్యాధికారిగా భోగమనుభవించిన శ్రీనాథుని పేర, పల్నాటిలో నీటికీ సన్నన్నానికీ పడిన పాట్లను చెప్పే చాటువులు ప్రచారంలో ఉన్నాయి. మహాకవికైనా ఊరు మారితే విడిది కష్టాలు తప్పవని అవి నవ్విస్తూ చెబుతాయి.

విడిది వివరాలను క్రమపద్ధతిలో రాసిపెట్టినవాడు ఏనుగుల వీరాస్వామయ్య. ఆయన 1830-31 సంవత్సరాలలో చెన్నపట్టణం నుండి కాశికి వెళ్లి, కలకత్తా, పూరీల మీదుగా తూర్పు తీరం వెంట తిరిగివచ్చాడు. ఆయన కాశీయాత్ర చరిత్రలో మజిలీ మజిలీకీ కొన్ని విషయాలు మరువకుండా కనిపిస్తాయి. దిగడానికి తగిన చోటు ఉన్నదా, మంచినీళ్లు దొరుకుతాయా, అంగళ్లు ఉన్నాయా, దారి ఎటువంటిది - ఇవి ఆయన ప్రశ్నలు. రెండు శతాబ్దాలు కావస్తున్నా యాత్రికుడు అడగవలసిన ప్రశ్నలు ఇవే.

అయితే విడిది చరిత్రలో మరొక పార్శ్వం ఉంది. దాన్ని దాచి సత్రాల ధర్మాన్ని మాత్రమే కీర్తించడం సత్యం కాదు. సత్రం వాకిట చాలాకాలం ముందుగా వినిపించిన ప్రశ్న 'ఆకలిగా ఉందా?' అన్నది కాదు, 'మీరేవరు?' అన్నది. ఆ ప్రశ్నకు వచ్చే సమాధానాన్ని బట్టి కొందరికి లోపల గది, కొందరికి అరుగు, కొందరికి చెట్టునీడ దొరికేవి. అంటరానివారుగా ముద్ర వేయబడినవారికి చాలాచోట్ల ఊరి బావి నీరు కూడా దొరికేది కాదు. కనుక 'ఎక్కడ దిగుదాం?' అని ఎంచుకొనే అవకాశం అనేక తరాలవరకు కొద్దిమందిదే. వినుకొండలో 1895లో జన్మించిన గుఱ్ఱం జాషువ తన గబ్బిలం కావ్యంలో ఈ వేదనకు రూపమిచ్చాడు. అందులోని కథానాయకునికి గుడిలో ప్రవేశం లేదు. గుడి చూరులోనే కాపురముండే గబ్బిలానికి ఉంది. అందువల్ల అతడు తన మొరను శివునికి వినిపించమని ఆ గబ్బిలాన్నే వేడుకుంటాడు. పక్షులలోనూ జంతువులలోనూ చేరక తిరస్కృతమైన ప్రాణికి దొరికిన చోటు మనిషికి దొరకలేదన్నది ఆ కావ్యంలోని ఆవేదన.

ఈ సీమలోనే దీనికి ఎదురునిలిచిన సంప్రదాయమూ ఉంది. పల్నాటి బ్రహ్మనాయుడు అన్ని కులాలవారిని ఒకే చాపమీద కూర్చోబెట్టి భోజనం పెట్టించాడని పల్నాటి వీరగాథలు చెబుతాయి. కారెంపూడిలో కార్తికమాసంలో జరిగే వీరారాధన ఉత్సవాలలో ఆ 'చాపకూడు' నేటికీ జరుగుతున్నది. ఆ భావన చట్టరూపం ధరించడానికి స్వాతంత్ర్యం రావలసివచ్చింది. 1950 జనవరి 26న అమలులోకి వచ్చిన భారత రాజ్యాంగంలోని 15వ అధికరణం, మతం, జాతి, కులం, లింగం, జన్మస్థలం కారణంగా ఏ పౌరునికీ హోటళ్లలో ప్రవేశాన్ని నిరాకరించరాదని శాసించింది. 17వ అధికరణం అంటరానితనాన్ని నిషేధించింది. 1955లో వచ్చిన చట్టం, అంటరానితనం కారణంగా ధర్మశాలలలోను, సరాయిలలోను, ముసాఫిర్ ఖానాలలోను చోటివ్వకపోవడాన్ని శిక్షార్హమైన నేరంగా పేర్కొన్నది. 1976లో దానికి పౌరహక్కుల పరిరక్షణ చట్టమనే పేరు వచ్చింది. నేటి విద్యార్థి రైలు దిగి, నచ్చిన లాడ్జిలోకి నడిచి వెళ్లగలుగుతున్నాడంటే ఆ నడక వెనుక ఇంత చరిత్ర ఉంది.

ఇక నేటి యాత్రికుడు విడిదిని ఎలా ఎంచుకోవాలి? మొదట దృశ్యాలను కాదు, వేళలను రాసుకోవాలి. ఏ స్థలాన్ని ఏ వేళ చూడాలో తేలితే ఎక్కడ నిద్రించాలో దానంతట అదే తేలుతుంది. కొండవీడు గుంటూరుకు సుమారు 25 కిలోమీటర్ల దూరంలో ఉంది. వేసవిలో పొద్దెక్కిన తరువాత ఆ కొండమీది బురుజులు, చెరువులు, శిథిల మండపాలు చూడడం కష్టం. తెల్లవారగానే అక్కడికి చేరాలంటే ముందురాత్రి గుంటూరులోనో, చిలకలూరిపేటలోనో, నరసరావుపేటలోనో ఉండాలి. మంగళగిరి కొండమీది పానకాల నరసింహస్వామి ఆలయంలో దర్శనం మధ్యాహ్నంతో ముగుస్తుంది. రాత్రివేళ స్వామిని దేవతలు సేవిస్తారని భక్తుల విశ్వాసం. సాయంకాలం తీరికగా బయలుదేరేవారికి ఆ దర్శనం దొరకదు. భారత పురావస్తు శాఖ నిర్వహించే స్థల ప్రదర్శనశాలలు సాధారణంగా శుక్రవారం మూసి ఉంటాయి. శుక్రవారం అమరావతిలో గది తీసుకొని, శిల్పాలు చూడకుండా తిరిగివచ్చినవాడు తప్పు గదిని ఎంచుకోలేదు. తప్పు రోజును ఎంచుకున్నాడు.

గుంటూరు నగరం విడిదికి అనేకవిధాల అనుకూలం. అన్ని తరగతుల లాడ్జీలు, వైద్య సదుపాయం, నలుదిక్కులకు బస్సులు ఉన్నాయి. చేబ్రోలు, మంగళగిరి, కొండవీడు, అమరావతి - వీటిలో దేనికైనా ఉదయం వెళ్లి సాయంకాలానికి తిరిగి రావచ్చు. కాని నగరానికి తనదైన రుతువు ఒకటి ఉంది. ఫిబ్రవరి నుండి మే వరకు మిర్చి యార్డుకు బస్తాల బండ్లు బారులు తీరుతాయి. రైతులు, దూర రాష్ట్రాల వ్యాపారులు నగరానికి వస్తారు. అప్పుడు గదులకు గిరాకీ పెరుగుతుంది. యార్డు పరిసరాల గాలిలోనే మిరపఘాటు ఉంటుంది. ఉబ్బసం ఉన్నవారు ఆ చుట్టుపక్కల దిగకపోవడం మంచిది. ఘాటుకు వెరవనివారు మాత్రం ఒక ఉదయం యార్డును చూడాలి. మిరప ఈ దేశపు పంట కాదు. అమెరికా ఖండం నుండి పోర్చుగీసువారి ద్వారా మన దేశానికి వచ్చింది. ఆ అతిథి పంట ఇప్పుడు ఈ నేలకు పేరుగా మారింది. అదీ చరిత్రే.

అమరావతిని మాత్రం కనీసం ఒక రాత్రి అక్కడే ఉండి చూడడం మేలు. గుంటూరునుండి దూరం సుమారు 35 కిలోమీటర్లే కనుక పూటలో చూసి రావచ్చునన్నది సాధారణాభిప్రాయం. దీపాలదిన్నె అని పిలిచిన ఆ మట్టిదిబ్బను 1797లో మెకంజీ దొర చూసిన తరువాత స్తూప శిల్పాలు లోకానికి తెలిశాయి. వాటిలో అధికభాగం లండను, చెన్నై ప్రదర్శనశాలలకు తరలిపోయాయి. అందువల్ల నేడు స్తూపం వద్ద కనిపించేది ఒక విశాలమైన గుండ్రని పునాది. తొందరలో వచ్చినవారికి అది బోసిగా తోస్తుంది. ఉదయపు నీరెండలో ఆ చుట్టును ఒకసారి ప్రదక్షిణంగా నడిచి, తరువాత ప్రదర్శనశాలలోని ఫలకాలపై చెక్కిన స్తూపరూపాన్ని చూసి, మళ్లీ పునాది వద్దకు వస్తే అప్పుడు ఆ శూన్యంలో మహాచైత్యం లేచి నిలబడుతుంది. రెండుసార్లు చూడగలిగే తీరిక ఆ ఊరిలో దిగినవారికే ఉంటుంది. సాయంకాలం అమరేశ్వరాలయం మెట్లపైనుండి కృష్ణను చూడడం అదనపు లాభం.

అమరావతి విషయంలో ఒక జాగ్రత్త అవసరం. 2015లో రాష్ట్ర రాజధానికి శంకుస్థాపన జరిగిన తరువాత తుళ్లూరు, వెలగపూడి పరిసరాలనూ అమరావతి అనే అంటున్నారు. అవి స్తూపమూ ఆలయమూ ఉన్న పాత అమరావతికి దూరంగా ఉన్న ఊళ్లు. విజయవాడ శివార్లలోని బసలు కూడా ఆ పేరును తగిలించుకోవచ్చు. పేరు చూసి ఫోనులో గది తీసుకున్నవారు దిగాక గాని తాము ఎక్కడ ఉన్నామో తెలుసుకోలేరు. కనుక అమరేశ్వరాలయం నుండి గది ఎంత దూరమో అడిగి తెలుసుకున్న తరువాతే డబ్బు చెల్లించాలి.

నాగార్జునకొండ పరిస్థితి వేరు. గుంటూరునుండి నాగార్జునసాగర్ సుమారు 150 కిలోమీటర్లు. 1955 డిసెంబరు 10న ఆనకట్టకు శంకుస్థాపన జరిగింది. లోయ మునిగిపోకముందే 1954 నుండి 1960 వరకు పురావస్తు శాస్త్రజ్ఞులు విస్తృతంగా తవ్వి, ముఖ్య కట్టడాలను ఎత్తుమీదికి తరలించారు. కొన్ని నేడు ద్వీపమైన కొండపైన, కొన్ని ఒడ్డున అనుపులో పునర్నిర్మితమయ్యాయి. ద్వీపానికి లాంచీలోనే వెళ్లాలి. నీటిమట్టం, వాతావరణం, అనుమతులు - వీటిని బట్టి లాంచీ నడుస్తుంది; ఒకప్పుడు నిలిచిపోతుంది. 2014లో రాష్ట్ర విభజన జరిగిన తరువాత ఆనకట్ట ఒక ఒడ్డు ఆంధ్రప్రదేశ్‌లోను, మరొక ఒడ్డు తెలంగాణలోను ఉన్నాయి. ఏ ఒడ్డునుండి లాంచీ బయలుదేరుతున్నదో విచారించి ఆ ఒడ్డునే దిగడం తెలివైన పని. ఇటువంటి చోటికి గుంటూరునుండి ఒక్కపూటలో వెళ్లి రావాలనుకోవడం లాంచీ తప్పిపోవడాన్ని కోరి తెచ్చుకోవడమే. మాచర్లలోగాని, విజయపురి సౌత్‌లోగాని రాత్రి ఉండాలి.

తూర్పు తీరానికి మరొక యాత్ర కేటాయించుకోవాలి. భావనారాయణస్వామి ఆలయమున్న బాపట్లలోనో, నేతగాండ్ర పట్టణమైన చీరాలలోనో దిగితే మోటుపల్లి, భట్టిప్రోలు చూడవచ్చు. భట్టిప్రోలు స్తూపంలో 1892లో దొరికిన ధాతుకరండాలమీది బ్రాహ్మీ లిపి దక్షిణాది లిపుల చరిత్రలో ముఖ్యమైన ఆధారం. సముద్రపు ఒడ్డున ఉండగోరేవారికి బాపట్ల సమీపంలోని సూర్యలంకలో పర్యాటక బసలున్నాయి. అయితే సెలవుదినాలలో అక్కడ గది దొరకడం కష్టం. కార్తిక సోమవారాలలో అమరావతిలోను, మహాశివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ల సమయంలో నరసరావుపేటలోను ఇదే పరిస్థితి. ఉత్సవం చూడదలచినవారు ముందుగా గది నిర్ణయించుకోవాలి. శిథిలాలను నిశ్శబ్దంగా చూడదలచినవారు ఆ రోజులను తప్పించుకోవాలి.

పై సూత్రాలనుబట్టి ఒక కళాశాల బృందం తన యాత్రను ఈవిధంగా కూర్చుకోవచ్చు. శనివారం మధ్యాహ్నానికి అమరావతి చేరి ఆ రాత్రి అక్కడ ఉండాలి. ఆదివారం ఉదయం స్తూపమూ ప్రదర్శనశాలా చూసి సాయంకాలానికి గుంటూరు చేరాలి. సోమవారం తెల్లవారుజామున కొండవీటికి వెళ్లి, ఎండ ముదరకముందే దిగి, నరసరావుపేట మీదుగా మాచర్ల వైపు సాగాలి. ఆ రాత్రి సాగర్ ఒడ్డున దిగితే మంగళవారం నాగార్జునకొండ, అనుపు చూడవచ్చు. మూడు రాత్రులు మూడు ఊళ్లలో గడిచాయి. సామాను మాటిమాటికి సర్దుకోవడం కొంత శ్రమే. కాని వచ్చిన దారినే మళ్లీ వెళ్లవలసిన పని తగ్గింది. శుక్రవారం అడ్డు రాలేదు. మూడు ఉదయాలూ మూడు చారిత్రక స్థలాలకే దక్కాయి.

ఊరు నిర్ణయమైన తరువాత ఇల్లు నిర్ణయించుకోవాలి. దేవస్థానాల సత్రాలలో అద్దె తక్కువ, నియమాలు ఎక్కువ. రాత్రి తలుపులు మూసే వేళను ముందే తెలుసుకోవాలి. రైల్వే విశ్రాంతి గదులు రైలు ప్రయాణికులకే దొరుకుతాయి. లాడ్జీలలో కొన్ని గది తీసుకున్న గంటనుండి ఇరవైనాలుగు గంటలు లెక్కిస్తాయి. మరికొన్ని ఎప్పుడు దిగినా మరునాడు ఒక నిర్ణీత వేళకు ఖాళీ చేయమంటాయి. అర్ధరాత్రి దిగేవారికి ఈ తేడా ఒక రోజు అద్దెతో సమానం. గుర్తింపు పత్రం చూపి, పుస్తకంలో పేరు రాయించుకోవడం నియమం. స్నానానికి, తాగడానికి నీరు ఉన్నదా, గది తలుపుకు లోపలి గడియ సరిగా ఉన్నదా, మెట్లెక్కలేనివారికి కింది అంతస్తులో గది దొరుకుతుందా, రాత్రివేళ బస్సు దిగినవారు నడిచి వచ్చే దారిలో దీపాలున్నాయా - ఈ ప్రశ్నలకు సమాధానం దొరకని చోట అద్దె ఎంత తక్కువైనా ఆశపడరాదు.

బృందంగా వెళ్లేవారు అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది. పుణ్యక్షేత్రాలలో ఒక్కొక్క కులం పేర నెలకొన్న సత్రాలు నేటికీ కనిపిస్తాయి. దాతల సదుద్దేశంతో వెలసి ఎందరికో అన్నం పెట్టిన సంస్థలు వాటిలో ఉన్నాయి. అందరికీ గదులిచ్చేవి కొన్ని. తమవారికే ముందుగా ఇచ్చేవి కొన్ని. ముప్పైమంది విద్యార్థులు కలిసి వెళ్లినప్పుడు, వారిలో ఒక్కరినైనా ఇంటిపేరు అడిగి పక్కన నిలబెట్టే విడిది ఎంత చౌకైనా ఆ బృందానికి తగదు. చాపకూడు పుట్టిన సీమను చూడబోతూ, తోటివానిని వాకిట వదిలి లోపల నిద్రించేవారు ఆ సీమను చూసినవారు కారు.

చారిత్రక స్థలానికి ఆనుకొని పెద్ద హోటళ్లు ఎందుకు లేవన్న సందేహం కొందరికి కలుగుతుంది. కేంద్ర ప్రభుత్వ రక్షణలో ఉన్న కట్టడాలకు 100 మీటర్లలోపు కొత్త నిర్మాణాలను చట్టం నిషేధించింది. ఆపైన మరో 200 మీటర్ల మేర అనుమతితోనే నిర్మించాలి. 1958 నాటి పురాతన కట్టడాల చట్టానికి 2010లో జరిగిన సవరణ ఈ నియమాలను కట్టుదిట్టం చేసింది. గదికి నాలుగు అడుగులు ఎక్కువ నడవవలసిరావడం ఆ కట్టడం నిలిచి ఉండడానికి యాత్రికుడు చెల్లించే సుంకమని భావించాలి.

విడిదివల్ల ఊరికి మేలూ ఉంది, కీడూ ఉంది. ఇటలీలోని వెనిస్ నగరంలో యాత్రికులకు ఇళ్లను అద్దెకివ్వడం పెరిగేకొద్దీ అక్కడివారికి ఇళ్లు కరువయ్యాయి. 2022 నాటికి ఆ పాత నగరంలో స్థిరనివాసుల సంఖ్య 50,000 కంటె తగ్గింది. రాత్రి ఉండకుండా పగలు వచ్చి పోయే యాత్రికుల రద్దీని అదుపు చేయడానికి 2024లో అక్కడ కొన్ని రోజులలో ప్రవేశ రుసుము విధించారు. ఆంధ్రదేశపు చారిత్రక గ్రామాల సమస్య దీనికి భిన్నమైనది. ఇక్కడికి వచ్చేవారు ఎక్కువగా గంటసేపు ఆగి, నీళ్లసీసా ఒకటి కొని, నగరానికి తిరిగిపోతారు. ఆ ఊరివారికి మిగిలేది ఖాళీ సీసాలే. ఒక్క రాత్రి అక్కడ ఉంటే ఒక పూట భోజనం, ఒక గది అద్దె, ఒక ఆటో కిరాయి ఆ ఊరికి చేరతాయి. తమ ఊరిలోని పాత రాళ్లు తమకు జీవనాధారమైనప్పుడు ఊరివారే వాటికి కావలివారవుతారు.

విడిదిని ఎంచుకోవడంలో ఖర్చు, సౌకర్యం పాటించవలసినవే. కాని వాటికి ముందు యాత్రికుడు వేళను చూడాలి, తోటివారిని చూడాలి, ఆతిథ్యమిచ్చే ఊరిని చూడాలి. బోధిసిరి సింహళ భిక్షువులకు చోటు కల్పించినప్పుడు, మోటుపల్లి శాసనం పరదేశి వర్తకునికి అభయమిచ్చినప్పుడు ఈ నేల ఆతిథేయిగా తన ధర్మాన్ని నెరవేర్చింది. అతిథి ధర్మం నెరవేర్చవలసిన బాధ్యత నేడు అక్కడికి వెళ్లేవారిది.